గురి తప్పితే తప్పు తుపాకిదేనా?

ఫ్యాక్టరీ రైఫిల్‌ను మార్చేముందు చూడవలసినవి స్క్రూలు, కర్ర, గొట్టం, సైటు

సికింద్రాబాద్: నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి లైసెన్సు సంపాదించి, అప్పో సొప్పో చేసి కొన్న రైఫిల్ చూసినచోట కొట్టకపోతే ఆ మనిషి బాధ ఇంతా అంతా కాదు. ఫ్యాక్టరీవాళ్లు పనికిరాని గొట్టం అంటగట్టారని ఒకరు తిట్టుకుంటారు. ట్రిగ్గర్ అరగదీయిస్తే దారికి వస్తుందని ఇంకొకరు సలహా ఇస్తారు. గొట్టం మార్చాలని మూడో మనిషి చెబుతాడు. ఈ ముగ్గురిలో ఎవరూ స్క్రూడ్రైవర్ తీసి కర్రకు ఉన్న స్క్రూలు బిగువుగా ఉన్నాయో లేదో చూడరు.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత తుపాకి విషయంలో సగమే నిజం. కొన్నిసార్లు మద్దెల నిజంగానే వదులై ఉంటుంది. అయితే దాన్ని బిగించుకుంటే చాలు, పగలగొట్టనక్కర లేదు. ఫ్యాక్టరీ రైఫిల్ గురి మెరుగుపడటానికి కావలసింది చాలావరకు కొత్త సామాను కాదు, వరుస తప్పకుండా చేసే తనిఖీ.

ఊళ్లకు ఎందుకు పట్టింది?

వేట రోజులు ఎప్పుడో పోయాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట నేరమైంది. కానీ మొక్కజొన్న, వేరుశనగ, వరి చేలల్లో రాత్రికి రాత్రి గుంపుగా దిగే అడవిపందుల బెడద మాత్రం పోలేదు. మంచె ఎక్కి డబ్బా కొట్టినా, ఒడిసెలతో రాయి విసిరినా అవి జంకడం మానేశాయి. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగి, తమ ఇంటి మనిషినే బలి పెట్టుకున్న ఘోరాలూ జరిగాయి. అది పంట కాపలా కాదు, చట్టరీత్యా నేరం.

మనిషి ప్రాణానికి, నిలబడిన పంటకు ప్రమాదంగా మారిన జంతువును చంపడానికి ఆ చట్టంలోని 11వ సెక్షన్ దారి చూపింది. అయితే అందుకు అధికారం ఉన్నవారు కారణాలు రాసి, లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం చేతికి వచ్చాకే తుపాకి సంగతి. పంట కాపలా పేరుతో లైసెన్సుకు వెళ్లేవారికి 1959 ఆయుధ చట్టం ప్రధానంగా చూపింది మందు కూరి పేల్చే నాటు తుపాకిని. ఆత్మరక్షణకు, క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకిని ప్రస్తావించింది. రైఫిల్ కావాలంటే అధికారిని ఒప్పించగల గట్టి కారణం ఉండాలి. అందుకే ఊళ్లలో రైఫిళ్లు తక్కువ. ఉన్న ఆ ఒక్కటీ సరిగ్గా కొట్టడం అందుకే ముఖ్యం.

పందికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు వెడల్పుకు మించదు. గుండు అక్కడ తగిలితే జంతువు బాధ పడకుండా పడిపోతుంది. జానెడు వెనక్కి పోతే కడుపులో తగులుతుంది. అలా గాయపడిన పంది పొదల్లో దూరి, తెల్లవారి అటు వచ్చిన కూలీ మీదో, పశువుల కాపరి మీదో తిరగబడుతుంది. అసలు తగలని గుండు సంగతి మరీ ప్రమాదం. రైఫిల్ గుండు అడ్డం లేకపోతే రెండు మూడు కిలోమీటర్ల దాకా పోగలదు. మన జిల్లాల్లో అంత దూరంలో ఊరు లేని చేను ఎక్కడుంది?

సికింద్రాబాద్‌కు పాత సంబంధం

తుపాకితో సికింద్రాబాద్‌కు ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద వెలసిన ఈ పట్టణం మొదటినుంచీ దండు ఊరే. 1886లో ఇక్కడ స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వేటలను కెమెరాలో బంధించాడు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర పులిని కొట్టి, దాని పక్కన నిలబడిన ఫోటో అప్పటిదే. అందులో పులీ, దొరా, తుపాకీ కనిపిస్తాయి. ఆ తుపాకి చూసినచోట కొట్టేలా సిద్ధం చేసిన మిస్త్రీ కనిపించడు.

ఆ మిస్త్రీ విద్యకు నేటికీ సికింద్రాబాద్ పెద్ద బడి. తిరుమలగిరిలోని మిలటరీ కాలేజీ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్, ఒకటో ఈఎంఈ సెంటర్ సైన్యపు యంత్రాలను, ఆయుధాలను బాగుచేసే విద్య నేర్పే దళానికి చెందినవి. ఏఓసీ సెంటర్ ఆయుధ సామగ్రి నిలవలు చూసే దళానిది. సైన్యంలో గురి తప్పిన రైఫిల్‌ను ఎవరూ వెంటనే మూల పడేయరు. ఒక వరుస ప్రకారం విప్పి చూస్తారు. ఆ వరుసలోని ఇంగితం పల్లెటూరి లైసెన్సుదారుకూ పనికి వచ్చేదే.

ఫ్యాక్టరీ రైఫిల్ అంటే

మన దేశంలో పౌరుల చేతిలో ఎక్కువగా కనిపించే వేట రైఫిల్ పాయింట్ 315 బోరుది. దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేస్తూ వచ్చింది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఈ ఫ్యాక్టరీ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది.

ఈ బోరు వెనుక ఒక కథ ఉంది. సైన్యం వాడే పాయింట్ 303 తూటా ప్రజల చేతికి చిక్కకూడదని తెల్లదొరలు నిషేధించారు. దానికి బదులుగా ఆస్ట్రియా దేశపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా ఆధారంగా 315 బోరు వేట రైఫిల్ వచ్చింది. తూటా మారినా యంత్రం మాత్రం సైన్యంలో పేరుమోసిన లీ ఎన్‌ఫీల్డ్ వంశానిదే. దుమ్ములోనూ వానలోనూ మొరాయించకుండా పనిచేయడం ఆ వంశపు గుణం. వేల సంఖ్యలో ఒకే అచ్చులో తయారయ్యే వస్తువు గనుక ప్రతి తుపాకికీ కర్రను, సైటును విడిగా సానపట్టి ఇచ్చే వీలు ఫ్యాక్టరీకి ఉండదు. ఆ మిగిలిన పని కొన్నవారిది.

గుంపు చెప్పే నిజం

ఒక్క గుండు పేల్చి తుపాకి మంచిచెడ్డలు చెప్పడం, ఒక్క మెతుకు పట్టి ఊరంతటి వంట రుచి చెప్పడం లాంటిదే. లైసెన్సు ఉన్న షూటింగ్ రేంజిలో, ఇసుక సంచుల మీద తుపాకి ముందు కర్రను ఆనించి, 50 మీటర్ల దూరంలోని కాగితం మీద ఒకే చోటికి గురి పెట్టి, తాపీగా ఐదు గుళ్లు కాల్చాలి. ఒక్కో గుండుకూ మధ్య గొట్టం చల్లారనివ్వాలి. చేలో, చెరువు గట్టున ఈ పరీక్ష చేయడం ప్రమాదం, చట్టవిరుద్ధం కూడా.

ఆ ఐదు చిల్లులే అసలు సాక్షులు. చిల్లులన్నీ ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు కేంద్రానికి దూరంగా ఉంటే తుపాకి మంచిదే, సైటు మాత్రం సరిగా లేదు. చిల్లులు నలుమూలలా చెదిరితే సైటు తిప్పి లాభం లేదు. ఎక్కడో వదులు ఉంది, లేదా కాల్చిన మనిషి చేయి కుదురుగా లేదు. చెదిరిన గుంపును చూసి సైటు కదిలించేవాడు నీడను చూసి చెట్టు నరికేవాడితో సమానం.

తుపాకి తప్పును, మనిషి తప్పును విడదీయడం ఎలాగో 1860లోనే లోకానికి తెలిసింది. ఆ ఏడాది జూలై 2న ఇంగ్లండులోని వింబుల్డన్ మైదానంలో జాతీయ రైఫిల్ సంఘం తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. విట్‌వర్త్ రైఫిల్‌ను ఇనుప చట్రంలో కదలకుండా బిగించి, 400 గజాల దూరంలోని లక్ష్యానికి ముందే సరిచూసి పెట్టారు. రాణి తాడు లాగింది. గుండు కేంద్రానికి ఒకటిన్నర అంగుళం లోపే తగిలింది. రాణిగారు గొప్ప గురికత్తె అని కాదు. తుపాకి కదలకపోతే గుండు దారి తప్పదని ఆ ఒక్క దెబ్బ చెప్పింది. ఇసుక సంచి పేదవాడి ఇనుప చట్రం.

స్క్రూలు, కర్ర

చిల్లులు చెదిరితే మొదట చూడవలసింది స్క్రూలు. ఇనుప భాగాన్ని కర్రకు పట్టి ఉంచే స్క్రూలలో ఒక్కటి సగం చుట్టు వదులైనా, పేలిన ప్రతిసారీ ఇనుము కర్రలో ఒక్కో తీరుగా కూర్చుంటుంది. వెనుక కర్ర బిగువు, సైటు పట్టీల బిగువు, దూరదర్శిని అమర్చి ఉంటే దాని పట్టీల బిగువు అన్నీ చూడాలి. స్క్రూ తలకు సరిపోయే స్క్రూడ్రైవరే వాడాలి. ఇంట్లో దొరికినదాన్ని దూర్చి తిప్పితే స్క్రూ తల చెడుతుంది, తర్వాత మిస్త్రీ చేతికి కూడా పట్టు దొరకదు.

రెండోది కర్ర. కర్ర ఎండిపోయినా దాని బుద్ధి పోదు. వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏప్రిల్, మే నెలల ఎండకు కుంచించుకుంటుంది. గుండు పోయేటప్పుడు గొట్టం వీణ తీగలా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉంటే గుళ్లు ఒకేచోట పడతాయి. ఉబ్బిన కర్ర ఒక పక్క గొట్టాన్ని నొక్కితే కంపనం మారి గుండు మరో దారి పడుతుంది. దసరాకు బాగా కొట్టిన తుపాకి ఉగాది దాటాక తప్పుతున్నదంటే అనుమానించవలసింది కర్రనే.

ఈ కర్ర గొడవ ఎంత పాతదో తుపాకి చరిత్రే చెబుతుంది. ఇషాపూర్‌లో సైన్యానికి చేసిన రైఫిళ్లలో ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక స్క్రూ బిగించేవారు. లీ ఎన్‌ఫీల్డ్ పాత నమూనాలలో ట్రిగ్గర్‌ను దాని కింది కవచానికే అమర్చేవారు. కర్ర కుంచించుకుంటే ట్రిగ్గర్ లాగుడు కూడా మారిపోయేది. ఆ బాధ పడలేక నాలుగో నెంబరు రెండో మార్కు నమూనాలో ట్రిగ్గర్‌ను నేరుగా ఇనుప భాగానికే బిగించారు. అంటే ట్రిగ్గర్ తప్పనుకున్నది చాలాసార్లు కర్ర తప్పు.

గొట్టం నొక్కుడు పడుతున్న చోట కర్రను లోపలి నుంచి కొద్దికొద్దిగా గీకి సరిచేయడం, ఇనుము కూర్చునే చోట గట్టి జిగురు మందు పోసి అచ్చు తీసినట్టు ఆనిక కుదర్చడం మిస్త్రీలు చేసే పని. గురి మెరుగుపడటానికి ఇంతకు మించిన ఉపాయం తక్కువ. కానీ ఏ స్క్రూ దగ్గర ఎంత గీకాలో తెలిసిన చేతికే ఆ పని అప్పగించాలి. పోయిన కర్రను మళ్లీ అతికించలేం.

గొట్టం, దాని మూతి

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. బొంగరం గిర్రున తిరిగినంతసేపూ నిటారుగా నిలబడినట్టే, ఆ గాడుల వల్ల గుండు తిరుగుతూ దారి తప్పకుండా పోతుంది. గాడులలో రాగి పొర, మసి పేరుకుంటే తిరుగుడు కుంటుపడుతుంది. కొన్ని తుపాకులను గొట్టం మార్చాలని తెస్తారు, శుభ్రం చేసి ఇస్తే చాలని తేలుతుంది.

శుభ్రం చేసే తీరులోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి మూతి వైపు నుంచి దూర్చి రుద్దుతారు. కడ్డీ రాసుకుని మూతి అంచు ఒక పక్క అరుగుతుంది. గుండు తుపాకిని వదిలి వెళ్లేటప్పుడు చివరిసారి తాకేది ఆ అంచునే. అక్కడ చిన్న గాటు ఉంటే పొగ ఒక పక్క ముందుగా ఎగజిమ్మి గుండును పక్కకు నెడుతుంది. అందుకే సైన్యంలో బోల్టు తీసి, వెనుక వైపు నుంచి పుల్‌త్రూ తాడు వేసి, 4 అంగుళాల పొడవు 2 అంగుళాల వెడల్పు ఉన్న మెత్తటి గుడ్డముక్కను మూతి వైపుకు నేరుగా లాగడం నేర్పారు. తాడును పక్కకు ఒరిపించి లాగినా అంచు కోసుకుపోతుంది. పాత తూటాల క్యాపు మందు వల్ల గొట్టంలో ఉప్పు మిగిలేది గనుక కాల్చిన రోజే మరిగే నీళ్లు పోసి కడిగేవారు. ఆ పద్ధతిలో ఉన్న జాగ్రత్త నేటికీ మంచిదే. తుపాకిని రేపటికి వదిలితే తుప్పు ఈ రాత్రే మొదలవుతుంది.

దాచేటప్పుడు పలుచగా నూనె రాయాలి. కాల్చబోయే ముందు గొట్టం పొడిగా తుడవాలి. నూనె ఉన్న గొట్టంలో మొదటి గుండు వేరే చోట పడుతుంది. చేలో మొదటి గుండే లెక్క.

సైటు లెక్క

స్క్రూలు బిగిసి, కర్ర కుదిరి, గొట్టం శుభ్రపడి, చిల్లులు గుంపుగా పడ్డాకే సైటు జోలికి వెళ్లాలి. లెక్క కష్టమేమీ కాదు. ముందు సైటుకూ వెనుక సైటుకూ మధ్య అర మీటరు ఉందనుకుందాం. 50 మీటర్ల దూరం దానికి నూరు రెట్లు. కాబట్టి సైటు 1 మిల్లీమీటరు కదిలితే కాగితం మీద గుంపు 100 మిల్లీమీటర్లు, అంటే 10 సెంటీమీటర్లు కదులుతుంది. సుత్తితో ఒక్క దెబ్బ ఎక్కువ వేస్తే ఎంత నష్టమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

దిక్కు విషయంలో చాలామంది తికమక పడతారు. ముందు సైటును తప్పు జరిగిన వైపే జరపాలి. గుంపు ఎడమకు పడితే ముందు సైటు ఎడమకు. వెనుక సైటును గుంపు ఎటు రావాలో అటు జరపాలి. గుంపు ఎడమకు పడితే వెనుక సైటు కుడికి. గుంపు కిందికి పడితే వెనుక సైటు ఎత్తాలి, లేదా ముందు సైటు పొట్టిది వేయాలి. ఒకసారి జరిపి, మళ్లీ ఐదు గుళ్లు కాల్చి, గుంపు ఎక్కడికి వచ్చిందో చూసి ముందుకు పోవాలి. 50 మీటర్ల దగ్గర ఐదూ బెత్తెడు వెడల్పులో కేంద్రం చుట్టూ పడితే పంట కాపలాకు అంతకన్నా అక్కరలేదు.

ఒకే రకం తూటాలు

ఒక పెట్టె తూటాలతో సైటు కట్టి, వేరే పెట్టె తూటాలతో కాపలాకు పోవడం ఇంకో పొరపాటు. ఒక్కో విడతలో మందు, గుండు, పాత్ర కొద్దిగా తేడా ఉండవచ్చు. పోటీ షూటర్లు తమ గొట్టానికి ఏ విడత తూటాలు నప్పుతాయో పరీక్షించి, అదే విడతవి కొని దాచుకుంటారు. పల్లె లైసెన్సుదారుకు దొరికేవి కొద్ది తూటాలే. అయినా ఉన్నవాటిలో ఒకే విడతవి ఏరి, సైటు కట్టడానికి కొన్ని, కాపలాకు కొన్ని కేటాయించుకోవచ్చు. ఏళ్ల తరబడి అటక మీద ఎండకు మాడినవి, పచ్చ కిలుము పట్టినవి పక్కన పెట్టి, లైసెన్సు ఉన్న దుకాణంలో చూపించాలి.

మిగిలింది మనిషి

ఇవన్నీ సరిచూశాక కూడా చిల్లులు చెదిరితే అప్పుడు సామెత పూర్తిగా నిజమవుతుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం గెలిచాడు. ఆ పోటీ లక్ష్యంలో పది మార్కుల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు మాత్రమే. ఆవగింజ కన్నా చిన్నది. అలాంటి చోట గుండె చప్పుడుకు కూడా గురి కదులుతుంది. అందుకే ఊపిరి సగం వదిలి ఆపడం, వేలిని నెమ్మదిగా వెనక్కి నొక్కడం, పేలాక కూడా ఒక క్షణం కదలకుండా చూపు నిలపడం ఏళ్ల తరబడి సాధన చేస్తారు. చప్పుడుకు ముందే కళ్లు మూసి భుజం ఎగరేసేవారికి ఎంత ఖరీదైన రైఫిలైనా ఒకటే. ఈ జబ్బుకు మందు తూటా లేకుండా బోల్టు వేసి చేసే ఖాళీ సాధన. తూటా లేదని రెండుసార్లు కళ్లతో, వేలితో చూసుకుని, ఇంట్లో మనుషులు లేని దిక్కు గోడకేసి చేయాలి. దానికి పైసా ఖర్చు లేదు.

చేయకూడనివి

ట్రిగ్గర్ తేలికగా ఉంటే గురి కుదురుతుందన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ లోపలి పట్టును ఆకురాయితో అరగదీస్తే తుపాకి కింద పడ్డప్పుడు, బోల్టు గట్టిగా మూసినప్పుడు దానంతట అదే పేలవచ్చు. ఊరి కమ్మరి పనితనం నాగలికి మంచిదే, ట్రిగ్గర్‌కు కాదు. పైగా 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారు తుపాకి బాగుచేయడం, పరీక్షించడం వ్యాపారంగా చేయరాదు. గొట్టం పొట్టిగా కోయడానికి 6వ సెక్షన్ అడ్డం ఉంది. బాగుచేయించవలసి వస్తే లైసెన్సు ఉన్న ఆయుధ దుకాణానికే తీసుకుపోయి, రశీదు పుచ్చుకోవాలి. దారిలో తుపాకితో పాటు లైసెన్సు పుస్తకం ఉండాలి, తూటాలు విడిగా ఉండాలి.

గురి కుదిరిన తుపాకి చేతిలో ఉన్నంత మాత్రాన దూరం పెంచుకోవడం తెలివి కాదు. రాత్రిపూట, టార్చి వెలుగులో, కదిలే జంతువు మీద 50 మీటర్లు దాటితే చేయి ఆపాలి. పంది వెనుక మట్టి గట్టు లేకపోతే, గట్టు వెనుక ఏముందో తెలియకపోతే కాల్చకూడదు. ఒక రాత్రి పోయిన పంటకు విలువ కట్టవచ్చు, గట్టు అవతల నిద్రపోతున్న కాపలాదారు ప్రాణానికి కట్టలేం. తుపాకి చూసినచోట కొట్టేలా చేసుకోవడం సగం పని. కాల్చకూడని చోట దాన్ని దించడం మిగతా సగం.